బురదలో పడ్డ వల

ప్రయోగశాల గుమ్మంలో చెప్పులు విడుస్తూ మా పెద్దమ్మ ముందుగా చూసేది పిన్ని చెప్పులు వచ్చాయా లేదా అని. వచ్చి ఉంటే మొహం ముడుచుకుంటుంది. రాకపోతే, "మహారాణికి ఇంకా తెల్లారలేదేమో" అంటుంది.

ఇద్దరూ తోటికోడళ్లు. ఇద్దరి ఉద్యోగమూ ఒకటే, ఏటి నీళ్లు ఎంత చెడ్డాయో తేల్చడం. ముందు చేరింది పెద్దమ్మ. ఏటి అడుగున రాళ్లను కాలితో కదిపి, కొట్టుకొచ్చిన పురుగుల్ని వలలో పట్టి, తెల్లటి పళ్లెంలో పోసి ఏరుతుంది. రాళ్లను కరుచుకుని బతికే మూడు తోకల పురుగులు ఉంటే నీళ్లు బాగున్నట్టు. అవి మాయమై ఎర్ర పురుగులే మిగిలితే చెడ్డట్టు. ఏరడానికే రోజులు పడతాయి. పిన్ని మీటరు ముంచితే మాత్రం నీళ్లలో ఆక్సిజన్ ఎంతో అక్కడికక్కడే తెలుస్తుంది. సాయంత్రానికి అమ్మోనియా లెక్క కూడా వచ్చేస్తుంది. అందుకే పెద్ద సారు ఎప్పుడూ పిన్ని బల్ల దగ్గరే నిలబడతాడు.

"నా కళ్లు పోయేలా ఏరింది ఎవరికీ పట్టదు. దాని పెట్టె కూస్తే చాలు, అందరూ చుట్టూ మూగుతారు" అని పెద్దమ్మ ఆ కోపమంతా ఇంటికొచ్చి గిన్నెల మీద చూపించేది.

ఒక ఏడాది సారు మాటల్లో అనేశాడు. "ఈ పురుగుల పని ఇంకా అవసరమంటారా? ఏటి ఒడ్డున బట్టలకు రంగులేసే మిల్లు దగ్గర ఈసారి రెండు లెక్కలూ చూసి తేల్చేద్దాం."

పెద్దమ్మ బల్ల ఉంటుందో పోతుందో అక్కడే తేలాలి.

ఆమె మిల్లు దిగువకు వెళ్లేసరికి, రాళ్ల మీద నీళ్లు గలగలా పారే చోట పిన్ని అప్పటికే మోకాళ్ల లోతులో నిలబడి సీసాలు నింపుతోంది.

"రండక్కా, చోటుంది."

"నీ సీసాలకి నేనెందుకమ్మా అడ్డం?" అంటూ పెద్దమ్మ ఇంకాస్త కిందికి నడిచి, నీరు నిలిచిన మడుగులో వల వేసింది. అన్నేళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ అక్కడ దిగింది లేదు.

పళ్లెం నిండా ఎర్ర పురుగులే వచ్చాయి. పిన్ని లెక్కలో నీళ్లు ఫరవాలేదు. పెద్దమ్మకి కడుపు నిండిపోయింది. ఏరు చచ్చిపోయి ఉంటే గెలుపు తనది. ఆ ఏరు చచ్చిపోయి ఉండాలనే కోరుకుంది.

సారుకి చూపించబోయే ముందు పిన్ని వచ్చి పళ్లెంలోకి వంగి చూసింది. గొంతు తగ్గించి, "అక్కా, ఇవి నీళ్లు బాగున్నా బురదలో ఉండేవే కదా. రాళ్ల దగ్గరివేవి?" అంది.

"నాకే పాఠాలా?"

"మీరు చెప్పిన పాఠమే. రాళ్లు కరుచుకునేదాన్ని మడుగులో వెతకొద్దని మీరే కదా అన్నారు?"

పెద్దమ్మకి తల కొట్టేసినట్టయింది. పిన్ని ఈ మాట సారు ముందు అని ఉంటే ఆ బల్ల ఆ పూటే లేచిపోయేది. అనలేదు.

"అనేసి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. మంచితనం కూడా అదే కొట్టేసింది" అని పెద్దమ్మ ఇప్పటికీ ఉడుక్కుంటుంది.

మర్నాడు ఇద్దరూ కలిసి ఏట్లో దిగారు. పెద్దమ్మ రాళ్లు కదిపితే పిన్ని వల పట్టింది.

"అడుగుకి ఆనించు! గొడుగు పట్టినట్టు పడతావేంటి?"

"మీ కాలు నా వేలి మీదుంది, ముందది తియ్యండక్కా!"

మూడు తోకల పురుగులు దొరికాయి. కాకపోతే కిందటేడు దొరికినన్ని లేవు. మీటరు ఆ పూట నీళ్ల సంగతే చెప్పింది. పురుగులు గడిచిన నెలల సంగతి చెప్పాయి. ఏరు చావలేదు గానీ మెల్లగా చిక్కిపోతోందని రెండూ కలిపి చూస్తేనే తెలిసింది. సారు రెండు బల్లలూ ఉంచాడు. నివేదికలో తన పేరే ముందుండాలని పెద్దమ్మ పట్టుబట్టింది. పిన్ని నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు కూడా పెద్దమ్మకి నచ్చలేదు.

ఇప్పుడు నెలకోసారి ఇద్దరూ ఒకే జీపులో ఏటికి వెళతారు. కిటికీ పక్క సీటు పెద్దమ్మది.