సీపీయూకి మంగళగిరి ముసుగు

మా నాన్న నేత మనిషి. మంగళగిరిలో మా ముందుగదిలో ఆయన మగ్గం ఉండేది, దానికి నాలుగడుగుల దూరంలో నా కంప్యూటర్. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, డిగ్రీ అవగానే, చీర అంచుల డిజైన్లు ఇకమీద నేను కంప్యూటర్లో వేస్తానని పోరి పోరి ఒక పాతది తెప్పించుకున్నాను. అప్పటిదాకా వాటిని గళ్ల కాగితం మీద పెన్సిలుతో నాన్నే వేసుకునేవాడు. సరేనన్నాడు గానీ మెలిక పెట్టాడు.

"నెల్రోజులు చూస్తానమ్మాయ్. ఈ లోపల నేయడానికి పనికొచ్చే అంచు ఒక్కటన్నా తియ్యి. లేదంటే దాన్ని ఇచ్చేసి ఆ చోట్లో ఇంకో మగ్గం వేయిస్తా."

అన్నవాడే, అది ఇంట్లోకి వచ్చిన రోజే దానికి ముసుగు కుట్టించాడు. మగ్గం ఆడుతుంటే గదంతా సన్నటి నూలు ధూళి లేస్తుంది. అది లోపలికి పోకూడదని తను నేసిన మంచి బట్ట ఇచ్చి, సీపీయూ కొలతకి అమ్మ చేత గలీబులా కుట్టించాడు. స్విచ్ నొక్కడానికి ముందొక కంత, వైర్లకి వెనకొక చీలిక. మగ్గం ఆడే వేళే నేనూ పని చేసేదాన్ని కాబట్టి అది ఎప్పుడూ తీయకూడదని హుకుం.

"ఉక్కపోయదా నాన్నా?" అన్నాను.

"మిల్లు బట్టనుకున్నావా? మగ్గం బట్ట. గాలాడుద్ది."

చీర కొనడానికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పే మాటే అది.

రెండో రోజు నుంచి కంప్యూటర్ గంటకోసారి టప్పున ఆగిపోవడం మొదలైంది. సగం వేసిన గోపురాల అంచు నా కళ్లముందే మాయం. మూడుసార్లు పోయాక గానీ నాకు సేవ్ చేసుకునే బుద్ధి రాలేదు. మౌస్ బల్లకేసి కొట్టి ఏడ్చాను కూడా. అమ్మ దిష్టి తీసింది, కంప్యూటర్‌కి కాదు, నాకు. నాన్న మాత్రం మగ్గంలోంచి తల తిప్పి ఆ చోటు కొలుస్తున్నట్టు చూసేవాడు.

ఇరవై రోజులు గడిచాయి. ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో, లోపలి వేడీ ఫ్యాన్ల వేగమూ చూపించే చిన్న ప్రోగ్రాం దొరికింది. ఎక్కించి తెరిచానో లేదో, ఒక వరసలో నూట ఇరవై ఏడు డిగ్రీలని కనబడింది. అంటుకుంటుందేమోనని గోడ దగ్గర ప్లగ్గే పీకేశాను. పత్రికలో మళ్లీ నిదానంగా చదివితే తేలింది, అసలు వేడి కొలిచే తీగే తగిలించని చోట కూడా అది ఏదో ఒక అంకె చూపిస్తుందట. ఆ వరస తీసేశాను. ప్రాసెసర్ వేడికి ఒక వరస, ఫ్యాన్‌కి ఒక వరస ఉంచుకుని, డెబ్భై దాటితే కూత పెట్టేలా అమర్చాను.

అరగంటలో కూసింది. ఫ్యాన్ నిక్షేపంగా తిరుగుతోంది. నేను ముసుగు తీశాను. అంకె మెల్లగా దిగుతూ యాభై నాలుగు దగ్గర ఆగింది. దొంగ దొరికాడు. కానీ ఆ దొంగ మా నాన్న నేసిన బట్ట అని ఆయనతో అనడం ఎలా?

నేనేమీ అనకముందే మగ్గం ఆగింది.

"ఏందది, ముసుగు తీశావ్?"

"మీరే చూడండి నాన్నా."

ముసుగేసి చూపించాను. అంకె ఎక్కి ఎక్కి కూత పెట్టింది. డెబ్భై ఒకటి. నాన్న మొహం చిన్నబోయింది. లేచి లోపలికెళ్లాడు.

తిరిగొచ్చేసరికి ఆయన చేతిలో పాత టెర్లిన్ చొక్కా ఉంది.

"ఇప్పుడిది కప్పు."

ముసుగు తీసి అది కప్పాను. ఇద్దరం రెండు స్టూళ్ల మీద కూర్చుని తెర వైపే చూస్తున్నాం. డెబ్భై ఒకటి దాటింది. డెబ్భై ఐదు. డెబ్భై ఎనిమిది దగ్గర కంప్యూటర్ టప్పున ఆరిపోయింది.

"చూశావా!" నాన్న లేచి చప్పట్లు కొట్టాడు. "నా బట్టకి కూత పెట్టింది, మిల్లు బట్టకి ప్రాణమే పోయింది! ఏమేవ్, ఇట్రా, గాలాడుద్దని మిషనే చెప్పింది!"

గెలిచింది ఆయనే. అయినా ముసుగు తీయక తప్పదని నవ్వుతూనే చెప్పాను. "తియ్యమ్మా, పాపం, దానికీ ఉక్కే కదా," అన్నాడు ఎంతో దయగా. ధూళికి విరుగుడు కూడా తనే కనిపెట్టాడు. రోజూ మగ్గం దులిపే మెత్తటి బ్రష్షుతో, ఆపేసిన కంప్యూటర్ ఫ్యాన్ కూడా దులిపేవాడు. పని మధ్యలో "ఎంతుందమ్మాయ్?" అని కేకేసేవాడు. "యాభై మూడు" అంటే చాలు, మళ్లీ మగ్గం ఆడేది. చీరలకి వచ్చినవాళ్లకి ఆ టెర్లిన్ చొక్కా కథ చెప్పకుండా మంచినీళ్లు కూడా ఇవ్వనిచ్చేవాడు కాదు.

ఆ తర్వాత నాలుగు రోజుల్లో గోపురాల అంచు పూర్తిచేసి, కాగితం మీద తీసి ఆయనకిచ్చాను. చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు.

నెల నిండిన రోజు సాయంత్రం కంప్యూటర్ ఆపి, బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. నాన్న వచ్చి సీపీయూ మీద అరచెయ్యి ఆనించి, చల్లారిందాకా ఆగాడు. తర్వాత చంకలోంచి కొత్త ముసుగు తీసి, తనే తొడిగాడు. దాని అంచు చుట్టూ బారుగా గోపురాలు. నేను వేసినవి.

"నీ అంచుతో దిగిన మొదటి ముక్క. పక్కింటి మగ్గం మీద నేశా," అన్నాడు. "ఆపాకే కప్పు."