చార్మినార్ మీదికి రెండోసారి

పెళ్లిళ్లలో వరుసగా నిలబడటం తప్ప మా బడి పిల్లలకు ఫోటో అంటే ఇంకేం తెలియదు. అందుకే 2005లో, ఆత్మకూరు బడిలో సాంఘికశాస్త్రం చెబుతున్న రోజుల్లో, ఒక స్నేహితురాలిచ్చిన మూడు పాత కెమెరాలతో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఆరుగుర్ని హైదరాబాదు తీసుకెళ్లాను. ఇద్దరికొక కెమెరా, ఒక రీలు. ఆ ఆరుగురిలో సమీనా వాళ్ల నాన్న దర్జీ. కూతుర్ని పంపడానికి చాలా వెనకాడాడు. పట్నం చూడని వాళ్లమ్మే ఒప్పించి, మక్కా మసీదు ఫోటో తెమ్మని అడిగింది.

తెల్లవారుజామున వనపర్తి చేరి హైదరాబాదు బస్సెక్కాం. కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా నాలుగు గంటల ప్రయాణం. ఇమ్లీబన్ బస్టాండులో దిగి, నయాపూల్ దాటి పత్తర్‌గట్టి మీదుగా నడిచాం. పిల్లలతోనైనా అరగంట చాలు. చార్మినార్ ఎక్కడానికి టికెట్టు ఐదు రూపాయలే. పైనుంచి, పక్కనే కనిపించే మక్కా మసీదును సమీనా తీరిగ్గా, ఎంచి ఎంచి తీసింది.

కిందికొచ్చాక, ఆమెతో కెమెరా పంచుకున్న లక్ష్మి రీలు అయిపోయిందనుకుని వెనక మూత తెరిచింది. నేను గబుక్కున మూసేశాను కానీ, అప్పటిదాకా తీసినవన్నీ వెలుగు తగిలి పోయినట్టే. లక్ష్మి ఏడుపు ఆపలేదు. సమీనా తలెత్తి, ఇందాక తాను ఫోటోలు తీసిన చోటు వైపు చూసింది. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

డబ్బాలోంచి ఇంకా బయటికి రాని రీలు పాడవలేదని, దాంతో మళ్లీ తీయొచ్చని ఇద్దరికీ చెప్పాను. మధ్యాహ్నం మ్యూజియానికి వెళ్లాలని ముందే అనుకున్నాం. దాన్ని మానేద్దామా అని అడిగితే మిగతా నలుగురూ సరేనన్నారు. మళ్లీ టికెట్లు కొని ఆ ఇరుకు మెట్లెక్కాం.

పైకెళ్లగానే సమీనా కెమెరా లక్ష్మి చేతిలో పెట్టింది.

"ఈసారి నువ్వే తియ్యి. మసీదు ముంగట నేను గూడ కనవడాలె."

"మల్ల పాడుజేస్తనేమో," అంది లక్ష్మి.

"చెయ్యవు. నేను ఆడ నిలవడ్త, నువ్వు జర ఎనకకు పో."

లక్ష్మి కళ్లు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి నొక్కింది.

వనపర్తి స్టూడియోలో కడిగించాక ఫోటో నేనే వాళ్లింటికి తీసుకెళ్లాను. గాలికి ఎగురుతున్న చున్నీని ఒక చేత్తో పట్టుకుని సమీనా నవ్వుతోంది; వెనకాల మసీదు కొంచెం మసకగా ఉంది. వాళ్లమ్మ చాలాసేపు చూసింది.

"మసీదు ఎప్పుడన్న సూడొచ్చు టీచరమ్మా. నా బిడ్డ ఇంత ధైర్యంగ నిలవడుడు ఇదే మొదటిసారి సూస్తున్న," అని భర్త చేతికిచ్చింది. ఆయన మిషను ఆపి ఫోటో చూశాడు. మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తారని అడిగాడు.

ఆ రోజు మ్యూజియం చూడలేకపోయినందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. పిల్లలకు పట్నం చూపించడమంటే అన్ని చోట్లా తిప్పడం అనుకునేదాన్ని. ఒకచోటికి రెండోసారి వెళ్లగలిగే తీరిక ఇవ్వడం కూడా అందులో భాగమని అక్కడే నేర్చుకున్నాను. మీరూ పిల్లలతో ఒక్కరోజుకే వెళ్తుంటే, మధ్యాహ్నానికి ముందుగా ఏమీ అనుకోకుండా ఖాళీగా ఉంచుకోండి.