అరవై అయిదో గది

నేను రిటైరవడానికి ముందు ఏడాది, మార్చి నెలలో, సీనియర్ ప్రోగ్రామర్ హోదాలో నరసరావుపేట దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ బస్తాలు దాచుకునే రైతులకిచ్చే చీటీలు ప్రింటు చేసే ప్రోగ్రాం నేను సి భాషలో రాసిందే. కోల్డ్ స్టోరేజీలో గదులు నాలుగు. రెంటచింతల రైతు మర్రెడ్డి చీటీలో మాత్రం గది నంబరు అరవై అయిదు అని వచ్చింది. ఒకటో గది, రెండో గది వెతికారు. బస్తాలు లేవు.

చీటీలు కొట్టే గుమాస్తా శౌరమ్మదీ రెంటచింతలే. "సొంతూరోళ్ళ సరుకు. ఏందో మతలబుంది సార్. సాయంత్రానికి తేలకపోతే ఈమెను పనిలోంచి తీసేస్తా" అన్నాడు యజమాని. నిజం చెప్పాలంటే నాకూ ఆమె మీదే అనుమానం. ఎదుటివాళ్లను నమ్మకపోవడం నా ఉద్యోగంలో సగం.

"గది నంబరు నేను మూడే కొట్టా సార్" అని ఆమెది ఒకటే మాట. అందరూ అదే అంటారు అనుకున్నాను. చీటీలో రైతు పేరు అంత పొడుగ్గా ఎందుకు కొట్టావని గద్దించాను.

"మా ఊళ్ళో మర్రెడ్డిలు ముగ్గురుండారు సార్. నాయన పేరు, బజారు పేరు లేకపోతే ఎవురి బస్తాలు ఎవురు తోలకపోతారో!"

అప్పుడు వెలిగింది. ఇంగ్లీషు పెద్ద 'ఎ' అక్షరాన్ని కంప్యూటర్ అరవై అయిదుగా దాచుకుంటుంది. ఆ పొడుగాటి పేరు చివర వచ్చేది ఊరు. రెంటచింతల అని ఇంగ్లీషులో రాస్తే ఆఖరి అక్షరం అదే.

తప్పు నాది. పేరుకు నలభై అక్షరాల చోటు పెట్టి, దాన్ని ఆనుకునే గది నంబరు పెట్టాను. పేరు, తండ్రి పేరు, బజారు, ఊరు అన్నిటినీ స్ట్రక్యాట్ అనే సి ఫంక్షన్‌తో వరసగా అతికించాను. చోటు సరిపోతుందో లేదో స్ట్రక్యాట్ చూడదు, రాసేవాడే చూసుకోవాలి. ఆ చివరి 'ఎ' నలభై ఒకటో అక్షరమై పక్కకు పొర్లి ఆమె కొట్టిన మూడును చెరిపేసింది. బస్తాలన్నీ మూడో గదిలోనే ఉన్నాయి. ఆమె అబద్ధమాడుతోందనుకుని అక్కడ ఎవరూ వెతకనే లేదు.

స్ట్రక్యాట్ తీసేసి ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ అనే ఇంకో ఫంక్షన్ పెట్టాను. దానికి చోటెంతో మనమే చెప్తాం. అది హద్దు దాటి రాయదు, మొత్తం ఎన్ని అక్షరాలో తిరిగి చెప్తుంది. చోటు పెంచాను. అయినా పట్టకపోతే చీటీ ఆగిపోయేలా రాశాను. కత్తిరించి ఊరుకుంటే ముగ్గురు మర్రెడ్డిలూ ఒక్కరే అయిపోతారు.

తప్పు నాదని యజమానికి రాసిచ్చాను. శౌరమ్మకు క్షమాపణ చెప్పడానికి సిగ్గేసింది, అయినా చెప్పాను.

అనుమానం మన కోడ్ దగ్గరే మొదలవ్వాలని అక్కడ నేర్చుకున్నాను. శౌరమ్మ మాత్రం ఆ రోజు నుంచి ప్రతి చీటీ వెనక గది నంబరు పెన్నుతో కూడా రాయడం మొదలుపెట్టింది. వద్దనే హక్కు నాకు లేదు.