ఏడికి అని అడగొద్దు

మీ ఆయన ఏం చేస్తాడని పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే ఈ రోజుకీ నాకు సూటిగా జవాబు చెప్పడం రాదు. డార్ట్స్ ఆడతాడంటే ముఖముఖాలు చూసుకుంటారు. గోడకు తగిలించిన బోర్డు మీదికి చిన్న చిన్న బాణాలు విసురుతాడని విడమర్చి చెబితే, "అది సరే, పనేంది?" అంటారు. అదే పని అంటే జాలిపడి నా విస్తట్లో ఇంకో లడ్డూ వేస్తారు. కామారెడ్డిలో మా చుట్టాలకు వ్యవసాయం తెలుసు, దుకాణం తెలుసు, గల్ఫ్ తెలుసు. బాణాలు తెలియవు.

నిజానికి ఆ బాణాలు వచ్చింది గల్ఫ్ నుంచే. పెళ్లికి ముందు నుంచీ ఆయన అక్కడ ఒక హోటల్లో పని చేసేవాడు. జనం తాగుతూ కూచునే గదిలో గోడకు ఒక బోర్డు ఉండేదట. గ్లాసులు తుడుస్తూ చూసి చూసి ఆట నేర్చుకున్నాడు. ఒకసారి జట్టులో మనిషి తక్కువైతే గిరాకులే ఈయన్ని పిలిచి నిలబెట్టారు. ఆ తర్వాత హోటల్ తరఫున పోటీలకు పోయాడు, గెలిచాడు. నేనిక్కడ ఫోన్లో మొగుడి గొంతు వింటూ ఏళ్లు గడిపాను. ఇక చాలని ఆయన తిరిగొచ్చిన రోజు దుప్పటి చుట్టిన పెద్ద గుండ్రటి వస్తువొకటి తెచ్చాడు. అందరూ ఏదో కొత్త రకం టీవీ అనుకున్నారు.

అత్తమ్మ దుప్పటి విప్పింది. చుట్టూ అంకెలున్న ఆ పలకను అటూ ఇటూ తిప్పి చూసి, "గడియారం మంచిగనే ఉన్నది గని, ముండ్లేవి రా?" అంది. పన్నెండు ఉండాల్సిన చోట ఇరవై ఉండటం కూడా ఆమెకు నచ్చలేదు. ఆయన జేబులోంచి చిన్న డబ్బా తీసి మూడు బాణాలు చూపించాడు. "ఇగో ముండ్లు" అన్నాడు. "అయ్యో, అన్ని ఊడిపోయినయా?" అని ఆమె నిజంగానే బాధపడింది. ఇప్పటికీ మా ఇంట్లో దాని పేరు గడియారమే. గడియారం కాడ ఉన్నాడంటే సాధన చేస్తున్నాడని అర్థం.

నేను పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. అందుకేనేమో ఆట కన్నా ముందు దాని లెక్క నన్ను పట్టుకుంది. ఐదు వందల ఒకటితో మొదలుపెట్టి, తగిలినంత తీసేస్తూ తీసేస్తూ సరిగ్గా సున్నాకు రావాలి. చివరి బాణం బోర్డు అంచున ఉండే సన్నటి పట్టీలోనే గుచ్చుకోవాలి. దాన్ని డబుల్ అంటారు, అక్కడ పడితే అంకె రెట్టింపు. మన దగ్గర సున్నా వచ్చినవాడికి చెంపదెబ్బ, అక్కడ సున్నాకు దిగినవాడికి కప్పు! ఇదేం తిరకాసని రోజూ పక్కన నిలబడి చూశాను. చూస్తూ చూస్తూ తీసివేతలు చెప్పేదాన్ని అయ్యాను.

నా నోట్లో ప్రశ్న ఆగదు. ఆయన బాణం ఎత్తగానే "ఏడికి?" అనేదాన్ని. "ఇరవైకి" అనేవాడు. బాణం పోయేది. మళ్లీ "ఏడికి?" "పందొమ్మిదికి." బాణం పోయేది. అది మా ఇంటి పాటలా అయిపోయింది.

అత్తమ్మకు మాత్రం ఆ మాట చెవిలో సీసం పోసినట్టుండేది. బయలుదేరే మనిషిని ఏడికి అని అడగకూడదు. అడిగితే పోయిన పని కాదు. పొరపాటున ఎవరైనా అడిగారా, వెనక్కి వచ్చి కాసేపు కూచుని, నీళ్లు తాగి పోవాలి. మరీ తెలుసుకోవాలనిపిస్తే "దూరమేనా?" అనాలి. ఇది అందరిళ్లలో ఉన్నదే, కానీ మా అత్తమ్మ పాటించినట్టు ఇంకెవరూ పాటించరు. కొడుకు గల్ఫ్‌కు పోయిన ప్రతిసారీ గేటు దగ్గర పెదవులు బిగబట్టి నిలబడేది. ఏ దేశమో కూడా అడగలేదు. మీ కొడుకు ఎక్కడున్నాడని ఎవరైనా అంటే, "దూరం" అనేది. ఆ దేశానికి అదే పేరన్నట్టు చెప్పేది.

"మనిషిని కదా అడగొద్దన్నది. బాణాన్ని అడిగితే ఏమైతది అత్తమ్మా?" అన్నాను నేను.

"పొయ్యేది ఏదైతేంది పిల్లా? పొయ్యేటిదాన్ని ఆపొద్దు" అంది ఆమె.

నేను నవ్వి ఊరుకున్నాను. అప్పట్లో నవ్వడానికి వీలుండేది. ఆయన ఆట బాగా సాగుతోంది. హైదరాబాదులో గెలిచాడు, ముంబైలో ఆడాడు, కోల్‌కతాలో ఫైనల్ దాకా పోయాడు. జెర్సీ మీద ఒక కంపెనీ పేరు కూడా వచ్చింది. వారాంతాల్లో హైదరాబాదు పోయి ఆట నేర్పేవాడు. బాణాలు విసిరే మనిషిని చూద్దామని మా గల్లీకి జనం వచ్చి, చాయ్ తాగి, తామూ ఒకటి విసిరి, మా గోడకు బొక్క పెట్టి పోయేవారు.

ఒకరోజు నేను ట్యూషన్ పిల్లల పుస్తకాలు దిద్దుతుంటే ఆయన చెయ్యి ఎత్తాడు. బాణం వేళ్లలోనే ఉండిపోయింది. మోచెయ్యి ముందుకు పోతోంది, వేళ్లు మాత్రం విడవడం లేదు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ అంతే. నేను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. ఆయన ముఖం చూశాక నా నవ్వు ఆగిపోయింది.

"చెయ్యి ఇడుస్తలేదే" అన్నాడు.

నరాల డాక్టరు అన్నీ చూసి ఏ లోపమూ లేదన్నాడు. డార్ట్స్ ఆడేవాళ్లకు ఇలా అవుతుందని మా ఆయనకు ముందే తెలుసు. గల్ఫ్ హోటల్లో ఎంతో మంచి ఆటగాడొకడు ఇలాగే చెయ్యి విడవక ఆటే మానేశాడట. ఆ సంగతి చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు భయం వేసింది. భయంతో పాటు, సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆశ్చర్యం కూడా వేసింది. చెంబు పట్టుకుని వదులుతాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటాడు, బండి తాళం నా మీదికి విసురుతాడు. మరి ఈ ఒక్క బాణాన్నే చెయ్యి ఎందుకు పట్టుకుని కూచుంది?

అత్తమ్మకు ఆశ్చర్యమేమీ లేదు. "పొద్దుమాపు ఏడికి ఏడికి అంటె ఏడికి పోతది? ఆగిపోయింది" అంది. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు అడిగితే ఆగనిది ఇప్పుడే ఆగిందా అని కయ్యానికి దిగాను. కానీ మనిషి మనసు గట్టిది కాదు కదా, రెండో రోజు నుంచి అడగడం మానేశాను. ఆయన గడియారం ముందు నిలబడేవాడు, నేను నోరు మూసుకుని నిలబడేదాన్ని. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో చెయ్యి ఇంకా బిగుసుకుంది.

కంపెనీ వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. నేర్చుకునేవాళ్లూ తగ్గారు. అప్పుడే పాత హోటల్ నుంచి ఒక స్నేహితుడు, వీసా తయారుగా ఉంది, వస్తావా అని కబురు పెట్టాడు. హైదరాబాదులో పెద్ద పోటీ ఒకటి దగ్గర్లో ఉంది. "అండ్ల చెయ్యి ఆడితె ఉంట. లేకుంటె పోత" అన్నాడు ఆయన. మళ్లీ ఫోన్లో మొగుడితో కాపురం చేయడం నా వల్ల కాదని నాకు తెలుసు.

మొక్కజొన్న కోసి మక్కలు ఇంటికొచ్చే రోజులవి. ఎల్లారెడ్డిలో మా తల్లిగారింటికి సాయానికి పోయాం. బస్సు తాడ్వాయి దాటినా ఆయన కిటికీలోంచే చూస్తున్నాడు. ఇంటికి చేరాక మా అవ్వ ఆయన్ని వాకిట్లో కూచోబెట్టి మక్క కంకుల మీద పొట్టు ఒలవమంది. అవ్వ అంటే మా అమ్మ. నాకు ఈ అడిగే రోగం ఆమె నుంచే వచ్చింది, శకునాల పట్టింపు ఆమెకు లేదు.

"అల్లుడా, గా కంకి ఏడికేస్తున్నవ్?"

"కుప్పలకే అత్తమ్మా." కంకి కుప్పలో పడింది.

"గది పుచ్చింది సూడు. గదేడికి?"

"బర్రెకు." కంకి వాకిలి దాటి బర్రె ముందు పడింది. బర్రె కూడా ఉలిక్కిపడలేదు, అంత మెత్తగా పడింది.

నేను పొట్టు ఒలవడం ఆపేశాను. ఆమె అడుగుతోంది, ఈయన నోరు జవాబు చెబుతోంది, ఆ సందులో చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. నోటికి పని లేనప్పుడే మనసు పోయి చేతి మీద కూచుంటోందేమో!

లేచి కొట్టం తలుపు మీద బొగ్గుతో ఒక గుండ్రం గీశాను. బాణాల డబ్బా ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది. "ఒకటెయ్యి" అన్నాను. విసుక్కుంటూ లేచాడు. చెయ్యి ఎత్తాడు. ఆగిపోయింది. దించాడు. మళ్లీ ఎత్తాడు.

"ఏడికి?" అన్నాను.

"నీ తలకాయకు" అన్నాడు కోపంగా. బాణం పోయి గుండ్రం నడుమ దిగింది.

ఇద్దరం తలుపు వంక చూస్తూ నిలబడ్డాం. మా అవ్వ మాత్రం తలుపు పాడవుతోందని మొత్తుకుంది.

ఇంటికొచ్చి అత్తమ్మ గుడికి పోయిన వేళల్లో దొంగతనంగా సాధన చేశాం. నేను అడిగితే పోయేది, అడగకపోతే ఆగేది. ఆయనంతట ఆయనే లోలోపల ఆ ప్రశ్న వేసుకుంటే సగం పోయేవి, సగం ఆగేవి. పోటీలో మాత్రం అడగడానికి వీల్లేదు. ఆటగాడు గీత దగ్గర నిలబడితే జనం నోరెత్తకూడదు.

హైదరాబాదులో నేను ముందు వరుసలో కూచున్నాను. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి, బాణాలు పోతూనే ఉన్నాయి. నాకు లోపల తీసివేతలు పరుగెడుతున్నాయి. చివరికి నలభై మిగిలింది. ఇరవై డబుల్ ఒక్కటి కొడితే సున్నా, మ్యాచ్ మనది. చెయ్యి ఎత్తాడు. ఆగిపోయింది. దించి, తుడుచుకుని, మళ్లీ ఎత్తాడు. పెదవులు కదిలాయి. వేళ్లు కదల్లేదు. ఎయిర్‌పోర్టు తలుపుల అవతల చెయ్యి ఊపుతూ మాయమయ్యే మనిషి నా కళ్లముందు కనబడ్డాడు.

"ఏడికి?" అని అరిచాను.

హాలంతా నా వైపు తిరిగింది. బోర్డు పక్కన స్కోరు చెప్పే మనిషి వేలెత్తి నన్ను హెచ్చరించాడు. మా ఆయన మాత్రం తిరగలేదు.

"ఇంటికి" అన్నాడు. బాణం పోయి డబుల్‌లో దిగింది.

నన్ను హాల్లోంచి బయటికి పంపించారు. తర్వాతి మ్యాచ్‌లో ఆయన ఓడిపోయాడు. అవతలివాడు మంచి ఆటగాడు, చెయ్యి ఆగి మాత్రం ఓడలేదు. తిరుగు బస్సులో గల్ఫ్ స్నేహితుడికి ఫోన్ చేసి, "నేనొస్తలేనన్నా" అన్నాడు. "బోర్డు మీద ఇల్లు ఏ అంకె మీదుంది?" అని నేను సతాయించాను. కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

అత్తమ్మకు ఆయనే అంతా చెప్పాడు. కొట్టం తలుపు సంగతి, దొంగ సాధన సంగతి, నేను హాల్లో అరిచిన సంగతి. ఆమె వింటూనే బియ్యం ఏరుకుంటూ కూచుంది.

కొన్నాళ్లకు ముంబైలో పోటీ వచ్చింది. సంచి భుజాన వేసుకుని ఆయన గేటు తీశాడు. అత్తమ్మ ఎప్పటిలాగే వెనక వచ్చి నిలబడింది. "దూరమేనా?" అంటుందని నేను ఎదురుచూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుంది.

"ఏడికి రా?" అంది.

ఆయన ఆగి వెనక్కి చూశాడు. నీళ్ల కోసం లోపలికి పరుగెత్తబోయి నేనూ ఆగాను. ఇన్నేళ్లలో కొడుకును ఆమె ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"ముంబైకమ్మా" అన్నాడు. "ఆట కోసం. రేపు కాక ఎల్లుండి ఇంట్ల ఉంట."

"ముంబై" అంది ఆమె, ఆ పేరును నోట్లో ఒకసారి తిప్పి చూసుకున్నట్టు. "మరి అన్నేండ్లు పోయింది ఏడికి?"

ఆయన ఆ దేశం పేరు చెప్పాడు. ఆమె తల ఊపి, కళ్లు తుడుచుకుని, గేటు వేసింది.