పేరంటాలమ్మ పాదాలు

తవిటమ్మకి చర్చి ఊడవడం ఒక ఎత్తు, అందులో పడుకున్న చలవరాతి అమ్మని చూసుకోవడం ఒక ఎత్తు.

కోల్‌కతా నడిబొడ్డున ఆఫీసుల మధ్య ఇరుక్కున్న దొరల కాలం నాటి ప్రొటెస్టెంట్ చర్చి అది, ఫాదర్లకి పెళ్లిళ్లుండే రకం. గోడవారగా ఒక దొరసాని బొమ్మ, పక్కనే పసిగుడ్డు. పురిట్లో బిడ్డతో సహా పోయిందని తెలియగానే తవిటమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. వాళ్ల శ్రీకాకుళం వైపు అలా పోయిన ముత్తయిదువని ఊరికే వదిలేస్తారా? పేరంటాలమ్మని చేసి కొలుస్తారు. "ఓలమ్మా! నీకిన్నాళ్లూ పసుపు రాసినోళ్లే నేరేటి?" అని నొచ్చుకుంది.

కూతురు అప్పలలక్ష్మికి తొలి కానుపు దక్కలేదు. ఇప్పుడు మళ్లీ నెలలు నిండుతున్నాయి. బిడ్డ కేరుమనేదాకా ప్రతి శుక్రవారం నీ పాదాలకి పసుపు రాస్తానని తవిటమ్మ ఆ అమ్మకి మొక్కేసింది. రాయడం, తుడిచెయ్యడం. తుడిస్తే పోతుందనుకుంది పిచ్చితల్లి. చలవరాయి పసుపుని వదుల్తుందా?

ఒక గురువారం చర్చి కమిటీ సెక్రటరీ అభిజిత్ ఆ పచ్చటి పాదాలు చూశాడు. చూసినవాడు ఊరుకోక సబ్బునీళ్లు పోశాడు. పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో వంటింటి మొహం చూసినవాళ్లకి చెప్పాలా? ఎర్రగా తిరిగింది. "రక్తం!" అని ఆ మహానుభావుడు పెట్టిన కేకకి కిటికీల్లో పావురాలన్నీ లేచిపోయాయి.

ఫాదర్ బిశ్వాస్ పరిగెత్తుకొచ్చాడు. "నానే రాసినాను బాబూ" అంది తవిటమ్మ.

ఆయన చెడ్డవాడు కాదు, ఊడ్చే మనిషినీ మాసీ, అంటే పిన్నీ అనే పిలుస్తాడు. "మాసీ, పాత రాయి, పాడైతే మళ్లీ తేలేం. ఇంకోసారి చెయ్యి వేశావంటే నిన్ను పనిలో ఉంచడం నావల్ల కాదు" అన్నాడు.

మొగుడు గవరయ్య ఓడరేవులో కూలిపని మానేసి ఇంట్లో దగ్గుతూ కూర్చున్నాడు. ఈ పనీ పోతే పొయ్యి వెలగదు.

తెల్లారి శుక్రవారం. సంత్రాగాఛి నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. నొప్పులు మొదలయ్యాయట, బిడ్డ అడ్డం తిరిగిందట, ఆస్పత్రికి తీసుకెళ్తున్నారట. తవిటమ్మ కొంగున పసుపు ముడేసుకుని తిన్నగా చర్చికొచ్చింది. పని పోతే పోనీ, పిల్ల దక్కితే చాలనుకుంది. బొమ్మ దగ్గర కూలబడి ముడి విప్పింది.

"మాసీ, ఆగు!"

పూలు సర్దుతున్న ఫాదర్ భార్య పుష్పరాణి. తవిటమ్మ భోరుమంది. "ఈ తల్లికి మాటిచ్చినాను దీదీ. నా పిల్ల ఆస్పత్రిలో ఉంది. ఇప్పుడు నానేటి సేసేది?"

పుష్పరాణికి తెలుగు రాదు. తవిటమ్మ బెంగాలీ అంతంతమాత్రం. అయినా కూతురి సంగతి, మొక్కు సంగతి అంతా చెప్పించుకుంది. "ఆ బొమ్మకే రాయాలా? వేరే దారి లేదా?" అని అడిగింది.

"ఎందుకు నేదు? ముత్తయిదువని కూకోబెట్టి రాసినా ఆ యమ్మకే సెల్లుతాది. ఇక్కడ ఎవులున్నారు, దీదీ?"

పుష్పరాణి బల్ల మీద కూర్చుని చెప్పులు విడిచింది. "నా కాళ్లకి పెట్టు. నాకూ ఒక బిడ్డ దక్కలేదు" అంది.

తవిటమ్మ చీలమండల దాకా పసుపు మెత్తింది. నీళ్లు తేవడం మరిచిపోయింది, కళ్లనీళ్లే సరిపోయాయి.

సాయంత్రానికి ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. తల్లీబిడ్డా క్షేమం.

ఆదివారం పుష్పరాణి పచ్చటి పాదాలతోనే ప్రభు భోజనం రొట్టె అందుకోవడానికి వేదిక దగ్గరికి నడిచింది. అభిజిత్ నోరు తెరిచాడు. ఫాదర్ ఆ పాదాల వంక ఒకసారి చూసి, ఆమె చేతిలో రొట్టె పెట్టాడు.

అందరూ వెళ్లాక పుష్పరాణి గుమ్మం దగ్గర ఆగింది. "శుక్రవారం పసుపు తెస్తావుగా, మాసీ?"

"మొక్కు తీరిపోనాది గదా, దీదీ."

"నీది తీరింది. నా బిడ్డ కోసం ఎవరూ ఏమీ చెయ్యలేదు."

తవిటమ్మ శుక్రవారం పసుపు తెచ్చింది.