చైతన్యపురి డాబా మీద జంట చుక్క

మా వదిన కౌసల్యకు పనిలేని పని అంటే ప్రాణం. పోచంపల్లిలో పుట్టి, నూలుకు ముడులు కట్టి రంగుల్లో ముంచడం నేర్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు నడిపే మనిషికి చుక్కలతో ఏం పని? ఆ మాటంటే, "నీకేమెరుక, ఊకో" అనేది.

ఆ పిచ్చి అంటించింది మా ఇంటి ఓనరు శేషారత్నం. తెనాలి నుంచి వచ్చి, ఇక్కడే ఫిజిక్స్ చెప్పి రిటైరైన ఆవిడ. డాబా మీద ఆవిడకో టెలిస్కోపు ఉంది. పదిహేనేళ్ళ కిందట దాంట్లో ఒక జంట చుక్కను చూసి బొమ్మ గీసుకుంది. పెద్దది తెల్లగా, దానికి ఎడమపక్కన ఆనీ ఆనకుండా ఒక చిన్నది. రెండూ నిజంగా జంటేనా, లేక ఒకటి ఎంతో వెనకాల ఉండి మనకు పక్కన ఉన్నట్టు కనబడుతోందా అన్నది ఆవిడ సందేహం. పెద్దది ఏటా కొంచెం జరుగుతుందని లెక్క. చిన్నదీ దాంతోపాటు జరిగితే జంట, అక్కడే ఆగిపోతే ఏ సంబంధమూ లేనట్టు. తేలాలంటే ఏళ్ళు ఆగాలి. ఆగింది. ఈలోగా ఊరి దీపాల వెలుగులో చిన్నది మాయమైంది, ఆవిడ కళ్ళకు శుక్లాలు కమ్మాయి.

తెలంగాణ కోసం చేసిన సకల జనుల సమ్మెలో బొగ్గు ఆగి, సాయంత్రాలు కరెంటు పోవడం మొదలైంది. ఆకాశం నల్లబడింది. చూసే కళ్ళు మా వదినవి.

మొదటి రోజే చిన్నది దొరికింది. వదిన చూసింది చూసినట్టు కాగితం మీద గీసిచ్చింది. శేషారత్నం టార్చి వేసి, కాగితం ముక్కుకు ఆనించుకుని చూసింది. చిన్నది కుడిపక్కన ఉంది.

"అయితే జంట కాదన్నమాట. పెద్దది దాన్ని దాటి వెళ్ళిపోయింది" అంది.

ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు. వదిన కూడా సరిగా తినలేదు, అది మా ఇంట్లో ఎప్పుడూ జరగనిది.

మర్నాడు పొద్దుగూకక ముందే వదిన డాబా ఎక్కి, ఫోకస్ చూసుకోవడానికి టెలిస్కోపును రోడ్డవతలి సమ్మె బ్యానర్ మీదికి తిప్పింది.

"మేడం, జై తెలంగాణ ఉల్టా కనవడ్తుందేంది?"

"తలకిందులుగానా?"

"కాదు, నిలువుగనే ఉంది. కుడిది ఎడమకొచ్చింది, అద్దంల చూసినట్టు."

శేషారత్నం టెలిస్కోపు చివర చేత్తో తడిమింది. మెడనొప్పని, సుఖంగా చూడటానికి ఈమధ్యే టెలిస్కోపు చివర అద్దం బిగించింది ఆవిడే.

"నేనంటే అద్దం సంగతి మర్చిపోయాను. నీకైనా అనుమానం రాలేదా కౌసల్యా? దేనికైనా ఉల్టా ఉంటుంది కదా?"

"మా బట్టకు ఉండదు మేడం. నూలుకే రంగేసి నేస్తం. గీ దిక్కు చూసినా గా దిక్కు చూసినా ఒక్కటే. ఇది గూడ గట్లనే అనుకున్న."

మేడం నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "అయితే చిన్నది ఎడమపక్కనే ఉంది. ఇన్నేళ్ళూ పెద్దదాని వెంటే వచ్చింది."

చీకటి పడ్డాక రంగు చెప్పమంది.

"లేత ఎరుపు. నూలును రంగుల ఒక్కసారే ముంచి తీసినట్టు."

"ఎరుపంటే వేడి తక్కువ, బరువూ తక్కువే. పొదుపుగా మండుతుంది. పెద్దది ఆరిపోయాక కూడా చాలాకాలం ఉంటుంది."

"ఒక సుట్టు తిరగనీకి ఎన్నేండ్లు పడ్తది?"

"వేల ఏళ్ళు. అది మనం చూడలేం. మధ్య దూరం మాత్రం కొలవచ్చు. నాలుగైదు సాయంత్రాలు కొలిస్తే గానీ నమ్మకూడదు."

"సమ్మె ఆపుతరంటున్నరు మేడం. కరెంటొస్తది."

సమ్మె మొదలైన నాటి నుంచి దాన్ని తిట్టుకుంటూ కూర్చున్న తెనాలి మనిషి మా వదిన చెయ్యి పట్టుకుంది.

"మీవాళ్ళకు చెప్పు కౌసల్యా. ఇంకో వారం గట్టిగా నిలబడమను."