పులిహోర లేని శుక్రవారం

మా చిన్నప్పుడు... గల్ఫులో సెలవు రోజైన శుక్రవారం పొద్దున అబ్బాసియాలో మా బిల్డింగు మెట్ల మీద ఇరవై మంది పిల్లలం కూర్చుని ఉండేవాళ్లం, మమ్మల్ని షికారు తీసుకెళ్లే భాస్కరన్న కోసం. వయసులో మా నాన్న కంటే పెద్దవాడే. అయినా అన్నే!

ఆయన కుర్రతనంలో సోవియట్ దేశంలో ఇంజినీరింగ్ చదివాడు. సెలవుల్లో అక్కడి పిల్లల శిబిరాల్లో పనిచేశాడట. అక్కడ తమను చూసుకునే పెద్దవాళ్లను పిల్లలు పేరు పెట్టే పిలిచేవారట. మమ్మల్నీ అలాగే పిలవమంటే మా అమ్మలు చెంపలు వేసుకున్నారు. చివరికి 'అన్న' దగ్గర రాజీ కుదిరింది.

ఆ శిబిరాల పద్ధతులే మాకూ నేర్పాడు... రోజుకొక నాయకుడు, చేతికి ఎర్ర రిబ్బను. ఆ రోజు పెద్దవాళ్లయినా సరే నాయకుడి మాట వినాల్సిందే. సాయంత్రం అందరం గుండ్రంగా కూర్చుని ఎక్కడ తప్పు జరిగిందో చెప్పుకోవాలి. అక్కడ కవాతులూ గద్దింపులూ కూడా ఉండేవని, వాటిని అక్కడే వదిలేసి వచ్చానని నవ్వేవాడు.

పదకొండేళ్లప్పుడు రిబ్బను మొదటిసారి నా చేతికొచ్చింది. ఆ రోజు ఊరి బయట కబ్ద్‌లో ఒక తోటకు ప్రయాణం. వ్యాను నడిపేది మా నాన్నే. ఆడపిల్లకు ఈ పెత్తనాలేమిటని ఆయనకు ముందునుంచీ సణుగుడే. ఏదైనా తేడా వస్తే ఇక ఈ శుక్రవారాలు బంద్ అని ఇంట్లోనే చెప్పేశాడు.

తేడా రానే వచ్చింది... మధ్యాహ్నం చూస్తే పులిహోర డబరా లేదు! తెమ్మని ఇద్దరికి చెప్పాను. ఇద్దరూ రెండోవాడు తెస్తాడనుకున్నారు. బయల్దేరే ముందు నేను సరిచూసుకోలేదు. డబరా లిఫ్టు దగ్గరే ఉండిపోయింది.

నాన్న అందరి ముందే అన్నాడు. "ఆడపిల్లకు పెత్తనమిస్తే ఇట్లే ఉంటాది. ఇంగ చాలు, ఆ రిబ్బను తీసెయ్."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

భాస్కరన్న మాత్రం నింపాదిగా, "సాయంత్రం దాంకా పాపే నాయకురాలు. నాకూ ఆకలైతాంది. ఏం చేయాల్నో పాపనే అడుగుదాం" అన్నాడు.

ముక్కు తుడుచుకుని తోటలో పనిచేసే ఒకాయన దగ్గరికి వెళ్లాను. మాది రాయచోటి పక్కన అనగానే ఆయన ముఖం విప్పారింది, ఆయనదీ అటువైపేనట. ఉన్న ఖుబ్జ్ రొట్టెలన్నీ, దోసకాయలూ ఇచ్చాడు. బదులుగా మేమంతా పొద్దు వాలేదాకా టమాటాలు కోసి పెట్టెలకెత్తాం. ఆ దోసకాయ ముక్కల రుచి నాకింకా నోట్లోనే ఉంది.

సాయంత్రం గుండ్రంగా కూర్చున్నాం. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. కానీ భాస్కరన్నే ముందు నోరు విప్పాడు.

"ఆ డబరా లిఫ్టు కాడ ఉండేది నేను పొద్దున్నే చూసినా. నాయకురాలి పనిలో వేలు పెట్టగూడదని గమ్మునుండిపోయినా. పాప మరిచిపోయింది... నేను మరిచిపోలేదు. పెద్ద తప్పు నాదే."

అంత పెద్దమనిషి చిన్నపిల్లల ముందు తల వంచుకుని కూర్చోవడం మేం ఎప్పుడూ చూడలేదు. పద్ధతి ప్రకారం శిక్ష మేమే వేయాలి. రెండు శుక్రవారాలు కంచాలు కడగమన్నాం, ఆయన రెండు వారాలూ కడిగాడు.

వ్యాను పక్కన నిలబడి నాన్న అంతా విన్నాడు. తిరుగు ప్రయాణంలో నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా మెల్లగా అన్నాడు.

"అందరి ముందర నిన్ను అట్ల అనకూడదమ్మా. తప్పు నాదే. వచ్చే వారం గూడా పో."

నాన్న నోట ఆ మాట నేను విన్నది ఆ ఒక్కసారే...

ఇప్పుడు ఇక్కడే సాల్మియాలో మా పాపకు ఈతకొక టీచరు, లెక్కలకొకరు, బొమ్మలకొకరు. పాప ఎక్కడ తప్పు చేసిందో వారం వారం నా ఫోనుకు పంపుతారు. అందరూ మంచివాళ్లే. కానీ పాప ముందు తమ తప్పు ఒప్పుకున్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు... నాతో సహా.

మీ చిన్నప్పుడు మీ ముందు 'తప్పు నాదే' అన్న పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద రాయండి. పాపను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపిస్తాను... మొన్న ఊరికే దాన్ని కసిరాను, ఆ మాట చెప్పడానికి నాకూ కొంచెం ధైర్యం కావాలి.